లెక్క చేయని బలం

ఇది నా అవివేకం గురించి రాసుకుంటున్నది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ, సూర్యకాంతి తోపుతో అంతరిక్ష నౌకను నడిపే సౌర తెరచాప విషయంలో మూడు తప్పులు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఏటేటా కొత్త బ్యాచ్‌కు అవే చెప్పాను. వెలుతురు తోపు గాజుబుడ్డిలో రెక్కను తిప్పుతుందేమో గానీ అంతరిక్షంలో నౌకను కదిలించడం కథల్లో సంగతి అన్నాను. ఒకవేళ నౌకను ఏదైనా తోస్తే అది సూర్యుడి నుంచి వీచే సౌర పవనం అయి ఉంటుందన్నాను. ఏది తోసినా సూర్యుడికి దూరంగా పోవలసిందే, దగ్గరకు రావడం అసాధ్యమన్నాను. మూడూ తప్పే.

తెలియక చెప్పిన తప్పులైతే ఇంతగా బాధించేవి కావు. వీటిని దిద్దుకోవడానికి కావలసినదంతా నేను చెప్పే సిలబస్‌లోనే ఉంది. న్యూటన్ నియమాలు, ద్రవ్యవేగ నిత్యత్వం, ఫోటాన్ శక్తికీ ద్రవ్యవేగానికీ ఉన్న సంబంధం, త్వరణంతో పెరిగే వేగం, గ్రహాల కక్ష్యలు. ఇవన్నీ వేర్వేరు నెలల్లో, వేర్వేరు పాఠాల్లో చెప్పేవాణ్ణి. ఆ పాఠాలను పక్కపక్కన పెట్టి ఒక్క లెక్క కట్టి చూడలేదు. జవాబు నాకు ముందే తెలుసన్న ధీమా నన్ను పెన్సిల్ పట్టనివ్వలేదు.

మొదటి తప్పు ఫోటాన్ దగ్గర పుట్టింది. ఫోటాన్‌కు నిశ్చల ద్రవ్యరాశి సున్నా అని బోర్డు మీద రాసి కింద గీత గీసేవాణ్ణి. ద్రవ్యరాశే లేనిది ఏం తోస్తుందిలే అన్న భావన ఆ గీతతోపాటు నా మనసులో స్థిరపడింది. అదే పాఠంలో, ఫోటాన్ శక్తిని కాంతి వేగంతో భాగిస్తే దాని ద్రవ్యవేగం వస్తుందని చెప్పి, మార్కుల కోసం లెక్కలు కూడా చేయించేవాణ్ణి. ద్రవ్యవేగం ఉన్నది దేనికైనా తగిలి ఆగితే ఆ ద్రవ్యవేగం రెండో వస్తువుకు చేరక తప్పదు. సెకనుకు ఎంత ద్రవ్యవేగం చేరిందో అదే బలం. ఈ మాటలన్నీ నా నోటితో నేనే చెప్పాను. అన్నీ కలిపి ఏం చెబుతున్నాయో మాత్రం ఆలోచించలేదు.

ఆ లెక్క రెండు నిమిషాల పని. భూమి ఉన్న దూరంలో సూర్యకాంతి ప్రతి చదరపు మీటరుకూ సెకనుకు సుమారు 1361 జౌళ్ల శక్తిని తెస్తుంది. దాన్ని కాంతి వేగంతో, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లతో భాగిస్తే సుమారు 4.5 మైక్రోన్యూటన్లు వస్తాయి. కాంతి అంతా నల్లటి రేకులో ఇంకిపోతే ఆ రేకుకు తగిలే తోపు అది. అదే అద్దంలా మెరిసే రేకు అయితే కాంతి వచ్చిన దారినే తిరిగి పోతుంది కాబట్టి ద్రవ్యవేగంలో మార్పు రెట్టింపు, తోపు కూడా రెట్టింపు. చదరపు మీటరుకు సుమారు 9 మైక్రోన్యూటన్లు. సౌర తెరచాప శాస్త్రమంతా ఈ ఒక్క సంఖ్య మీదే నిలబడి ఉంది.

ఇది నిన్నమొన్న తేలిన సంగతి కూడా కాదు. తోకచుక్కల తోకలు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కుగానే ఉండటం చూసి, సూర్యకిరణాలే వాటిని తోస్తున్నాయని కెప్లర్ 1619లోనే రాశాడు. 1873లో మాక్స్‌వెల్ తన విద్యుదయస్కాంత సిద్ధాంతం నుంచి కాంతి పీడనం ఉండి తీరాలని చూపాడు. మాస్కోలో ప్యోత్ర్ లెబెదెవ్, అమెరికాలో నికల్స్, హల్ 1900 ప్రాంతంలో గాలిని చాలావరకు తీసేసిన పాత్రల్లో సన్నని తీగలకు పలుచని బిళ్లలు వేలాడదీసి దాన్ని కొలిచారు. కొలత సిద్ధాంతంతో సరిపోయింది. నేను పుట్టడానికి చాలా ముందే తేలిపోయిన విషయాన్ని తేలనట్టుగా పిల్లలకు చెప్పాను.

ల్యాబ్‌లో ఒక క్రూక్స్ రేడియోమీటర్ ఉండేది. గాజుబుడ్డిలో సూదిమొన మీద నాలుగు పలుచని రెక్కలు, ప్రతి రెక్కకూ ఒక వైపు నలుపు, ఇంకో వైపు వెండి మెరుపు. ఎండలో పెడితే గిరగిరా తిరిగేది. కాంతి పీడనం అంటే ఇదేనని చూపించేవాణ్ణి. పిల్లలు ముచ్చటపడేవాళ్లు, నాకూ తృప్తిగా ఉండేది. ఒక ఏడాది సెకండియర్ అమ్మాయి ఒకతె లేచి అడిగింది. "సార్, మెరిసే వైపు తోపు రెట్టింపు ఉండాలి కదా. మరి నల్ల వైపు ఎందుకు వెనక్కి పోతోంది? ఇది తిరగబడి తిరుగుతోంది సార్."

నేను బుడ్డి వైపు చూశాను. ఆమె చెప్పింది నిజమే. మెరిసే వైపు వెనక్కి పోవాలి, పోతున్నది నల్ల వైపు. ఆ క్షణంలో నాకు రెండు దారులున్నాయి. "అవునమ్మా, నాకూ తెలియదు, చూద్దాం" అనవచ్చు. నేను రెండోది ఎంచుకున్నాను. "అది పరీక్షకు రాదమ్మా, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. మళ్లీ ఆ సంవత్సరం నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు పాతదే. విలియం క్రూక్స్ 1870ల్లో ఆ పరికరం చేసినప్పుడు తనూ కాంతి పీడనమే అనుకున్నాడు. కానీ బుడ్డిలో గాలి పూర్తిగా లేకుండా పోదు, కొంచెం మిగులుతుంది. నల్ల వైపు కాంతిని మింగి ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడి తేడా వల్ల, ముఖ్యంగా రెక్కల అంచుల దగ్గర, మిగిలిన గాలి అణువులు కదిలి నల్ల వైపును వెనక్కి నెడతాయి. ఆస్బర్న్ రేనాల్డ్స్, మాక్స్‌వెల్ 1879లో దీన్ని వివరించారు. గాలిని మరింత పూర్తిగా తీసేస్తే రెక్కలు ఆగిపోతాయి. కాంతి పీడనం అప్పుడూ ఉంటుంది గానీ ఆ సూదిమొన ఘర్షణను కూడా దాటలేనంత చిన్నది.

అంటే బుడ్డిలో రెక్కను తిప్పేది కాంతి పీడనం కాదు. అంతరిక్షంలో నౌకను తోయగలిగేది కాంతి పీడనమే. నేను రెంటినీ సరిగ్గా తలకిందులుగా చెప్పాను. ఆ అమ్మాయి చూపించిన ఆ ఒక్క తేడాను పట్టుకుని ఉంటే మిగతాదంతా నాకు అప్పుడే తేటపడేది. కాంతి తోపు రెక్కను ఎందుకు తిప్పలేకపోతోందని అడిగితే ఘర్షణ వల్ల అని జవాబు వచ్చేది. ఘర్షణ లేని చోట ఏమవుతుందన్నది ఆ వెంటనే పుట్టవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్న నాలో చాలా ఆలస్యంగా పుట్టింది. 2010 మే 21న జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా, శుక్రగ్రహానికి పంపిన అకత్సుకి నౌకతోపాటు ఇకరోస్ అనే చిన్న నౌకను ప్రయోగించింది. జూన్‌లో అది తన తెరచాపను విప్పింది. భుజం 14 మీటర్లున్న చతురస్రం, మందం మాత్రం 7.5 మైక్రోమీటర్లు. అల్యూమినియం పూత పూసిన పాలిఇమైడ్ పొర అది. దాన్ని చాచి పట్టే కర్రలు లేవు. నౌక తన చుట్టూ తాను తిరుగుతుంటే నాలుగు మూలల్లో కట్టిన అరకిలో బరువులు బయటికి లాగి పొరను విప్పాయి. నౌక మొత్తం బరువు సుమారు 310 కిలోలు. దాని మీద పడిన కాంతి తోపును కొలిస్తే 1.12 మిల్లీన్యూటన్లు తేలింది. భూమి మీద నాలుగైదు బియ్యపు గింజల బరువు ఎంతో అంత.

ఆ వార్త చదివి నేను అన్న మాట, "దీంతో ఏమవుతుంది?" అని. నిజంగా తెలుసుకోవాలని అడిగినది కాదు, కొట్టిపారేయడానికి అన్నది. తర్వాత ఎందుకో ఆ సంఖ్య మనసులో గుచ్చుకుంటూనే ఉండి, ఒక రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. ముందు తోపు సరైనదేనా అని చూశాను. 196 చదరపు మీటర్లను 9తో హెచ్చిస్తే సుమారు 1.8 మిల్లీన్యూటన్లు. తెరచాప పరిపూర్ణమైన అద్దం కాదు, దానిలో కొంత భాగం సౌర ఘటాల పొర, సూర్యుడికి కాస్త వాలి కూడా ఉంది. కాబట్టి 1.12 రావడం సబబే. తర్వాత ఆ తోపును 310తో భాగించాను. సెకనుకు పెరిగే వేగం మైక్రోమీటర్లలో వచ్చింది, మూడున్నర కంటే కొద్దిగా ఎక్కువ. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజు గడిచేసరికి సెకనుకు 0.3 మీటర్లు. నెలకు సెకనుకు 9 మీటర్ల పైన, గంటకు 34 కిలోమీటర్ల దాకా. చుక్క ఇంధనం లేకుండా 310 కిలోల వస్తువు ఆ వేగాన్ని కూడబెడుతుంది. రెండో నెల కూడా సూర్యుడు ఉంటాడు.

ఆ కాగితం ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. అందులో ఉన్నవి కొన్ని హెచ్చవేతలు, ఒక భాగహారం. నా విద్యార్థుల్లో ఎవరికిచ్చినా చేసేసేవాళ్లు. నేనే ఎప్పుడూ ఇవ్వలేదు.

నా పొరపాటు మూలం అప్పుడు అర్థమైంది. నేల మీద పెరిగిన మనసు నాది. ఇక్కడ చిన్న తోపు ఏ పనీ చేయదు, ఎందుకంటే ఘర్షణ దాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. బల్లను చూపుడువేలితో తోస్తే కదలదు. ఆ అనుభవాన్నే నేను ప్రకృతి నియమం అనుకున్నాను. బలం ఎంత చిన్నదైనా త్వరణం ఇస్తుందని న్యూటన్ నియమం చెబుతుంది. ఆ నియమాన్ని నేను నోటితో చెప్పాను. నమ్మింది మాత్రం నా చేతికి తగిలిన దాన్నే.

రెండో తప్పు 1997లో నాకు ఎదురుగానే కనిపించింది. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో హేల్-బాప్ తోకచుక్క వాయవ్య ఆకాశంలో కంటికి స్పష్టంగా కనిపించింది. ఫొటోల్లో దానికి రెండు తోకలు విడివిడిగా కనిపించేవి. ఒకటి నీలంగా, తిన్నగా. రెండోది లేతపసుపు తెలుపులో, వెడల్పుగా, కొంచెం వంపు తిరిగి. కాలేజీ మైదానంలో పిల్లలను కూర్చోబెట్టి రెండూ సౌర పవనం వల్లే అని చెప్పాను. సౌర తెరచాపలంటూ కథల్లో ఉండేవి కూడా ఆ పవనంతోనే నడుస్తాయని జోడించాను. తోకలు రెండు ఎందుకున్నాయని నన్ను నేను అడగలేదు. ఒకే కారణం ఉంటే రెండు రంగులు, రెండు ఆకారాలు ఎందుకు వస్తాయి?

నీలం తోక విద్యుదావేశం ఉన్న వాయువుది. దాన్ని సౌర పవనం, దానితో వచ్చే అయస్కాంత క్షేత్రం లాక్కుపోతాయి. ఆ తోకలను పరిశీలించే 1951లో బియర్‌మన్ సూర్యుడి నుంచి కణాల ప్రవాహం వస్తూ ఉండాలని అన్నాడు, 1958లో పార్కర్ దానికి సిద్ధాంతం ఇచ్చాడు. వంపు తిరిగిన తోక ధూళిది. దాన్ని తోసేది వెలుతురు. కెప్లర్ ఊహించినది ఆ తోక విషయంలో నిజమే.

ఇక నౌకను తోసేది ఏది? దీనికీ లెక్క ఉంది. భూమి దగ్గర సౌర పవనంలో ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లు ఉంటాయి, సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతంలో దూసుకొస్తాయి. ప్రోటాన్ ద్రవ్యరాశిని ఆ సంఖ్యతో, వేగపు వర్గంతో హెచ్చిస్తే పీడనం చదరపు మీటరుకు ఒకటి రెండు నానోన్యూటన్లు వస్తుంది. వెలుతురుది 4.5 మైక్రోన్యూటన్లు. వెలుతురు కొన్ని వేల రెట్లు ఎక్కువ. తుపాను రోజుల్లో సౌర పవనం ఎన్నో రెట్లు పెరిగినా ఆ తేడాను పూడ్చలేదు. ద్రవ్యరాశి ఉన్న కణాలే గట్టిగా తోస్తాయని నేను నమ్మడం వల్ల, ద్రవ్యరాశి లేని వెలుతురు వాటిని వేల రెట్లు మించిపోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. మొదటి తప్పే రెండో తప్పును కన్నది.

మూడో తప్పు అన్నిటికంటే లోతైనది. సూర్యుడు బయటికి తోస్తాడు కాబట్టి తెరచాప బయటికే పోతుందని చెప్పాను. ఇది విన్నవారెవరూ అనుమానించరు. నేనూ అనుమానించలేదు. అప్పటికి గురుత్వాకర్షణ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. భూమి ఉన్న దూరంలో కక్ష్యలో ఉన్న వస్తువు సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతూ ఉంటుంది. దాన్ని సూర్యుడికి దగ్గరకు తేవాలంటే సూర్యుడి వైపు లాగనక్కరలేదు, దాని పక్క వేగాన్ని తగ్గిస్తే చాలు. పక్క వేగాన్ని పెంచితే దూరం జరుగుతుంది.

తెరచాప చేసేది ఇదే. మెరిసే రేకు మీద పడిన కాంతి తోపు రేకుకు లంబంగా ఉంటుంది. రేకును వాల్చితే తోపులో కొంత భాగం సూర్యుడి నుంచి బయటికి, కొంత పక్కకు పనిచేస్తుంది. పక్క భాగం ప్రయాణ దిశలోనే పడేలా వాల్చితే నౌక కక్ష్య చుట్టుచుట్టుకూ పెద్దదవుతుంది. ప్రయాణానికి ఎదురుగా పడేలా వాల్చితే నౌక శక్తి పోగొట్టుకుని చుట్టుచుట్టుకూ సూర్యుడి వైపు దిగుతుంది. మామూలు త్రికోణమితితో చూస్తే ఈ పక్క తోపు అత్యధికంగా ఉండే వాలు సుమారు 35 డిగ్రీలు. ఆ వాలులో పూర్తి తోపులో 38 శాతం పక్కకు పనికొస్తుంది. ఇకరోస్ 2010 డిసెంబరు 8న శుక్రుణ్ణి దాటింది. శుక్రుడు భూమి కంటే సూర్యుడికి దగ్గర. రాకెట్టు ఇచ్చిన దారే అయినా, ఆ దారి పొడుగునా తెరచాప వాలును మార్చుతూ నౌకను మళ్లించారు. తెరచాప అంచున ఉన్న ద్రవ స్ఫటిక పలకలకు విద్యుత్తు పంపితే వాటి మెరుపు మారుతుంది, ఒక వైపు తోపు కొంచెం తగ్గి తెరచాప దిశ మారుతుంది. దానికీ ఇంధనం అక్కరలేదు.

నేను చెప్పిన మాటలోని ఇంకో సగం కూడా తప్పేనని తర్వాత తెలిసింది. తెరచాపను సూర్యుడికి సూటిగా పెడితే నౌక అలా దూరంగా పోతూనే ఉంటుందనుకున్నాను. నిజానికి కాంతి తోపూ, సూర్యుడి ఆకర్షణా రెండూ దూరపు వర్గానికి విలోమంగానే తగ్గుతాయి. కాబట్టి సూటిగా పెట్టిన బరువైన తెరచాపకు సూర్యుడి ఆకర్షణ కాస్త తగ్గినట్టు మాత్రమే అవుతుంది. నౌక కొంచెం పెద్ద కక్ష్యలోకి మారి అక్కడే తిరుగుతుంది. దూరం పోవాలన్నా దగ్గరకు రావాలన్నా వాలు కావాలి.

ఆకర్షణ తగ్గినట్టు అవడంలోనూ ఒక గొప్ప ఉపయోగం ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు చుట్టూ తిరుగుతోంది. సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ కలిసి నౌకను భూమితో సమానంగా ఏడాదికి ఒక చుట్టు తిప్పే చోటు అది. తెరచాప ఉన్న నౌకకు సూర్యుడి లాగుడు కొంత తగ్గుతుంది కనుక ఆ సమతౌల్య స్థానం భూమి నుంచి ఇంకా సూర్యుడి వైపు జరుగుతుంది. సౌర తుపాను వస్తున్నట్టు అక్కడి నుంచి మరింత ముందుగా తెలుసుకోవచ్చు. సూర్యుడికి దూరంగా తప్ప పోలేదని నేను చెప్పిన తెరచాప, సూర్యుడికి దగ్గరగా నిలబడటానికే పనికొస్తుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఇన్సాట్‌ది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో, 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి కక్ష్యలోకి వెళ్లింది. ఊళ్లలో దూరదర్శన్ చూడటం, టీవీలో మేఘాల చిత్రాలు చూడటం దాని తర్వాతే మామూలైంది. ఆ ఉపగ్రహానికి సౌర ఫలకాలు ఒక వైపే ఉండేవి. రెండో వైపు వాతావరణ చిత్రాలు తీసే పరికరాన్ని చల్లబరిచే భాగం ఉండేది, దానికి చల్లని అంతరిక్షం అడ్డం లేకుండా కనిపించాలి. ఒక వైపే ఫలకాలుంటే ఎండ తోపు ఒక వైపే పడి ఉపగ్రహాన్ని నెమ్మదిగా తిప్పేస్తుంది. దాన్ని సరిచేయడానికి రెండో వైపు పొడవాటి బూమ్ చివర ఒక తెరచాప కట్టారు. 1992 జులైలో వెళ్లిన ఇన్సాట్-2ఎను మన ఇస్రో వాళ్లే తయారుచేశారు, దానికీ అలాంటి తెరచాప ఉండేది. అది నౌకను నడిపే తెరచాప కాదు, నిలబెట్టే తెరచాప. కానీ దాన్ని తోసేది అదే వెలుతురు, అదే 9 మైక్రోన్యూటన్ల లెక్క. కాంతి తోపు లెక్కలోకి రాదని నేను తరగతిలో చెబుతున్నప్పుడు, ఆ తోపును అణువణువూ లెక్కించిన ఇంజనీర్ల పని నా తల మీద 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది.

ఇలాంటివి తర్వాత ఎన్నో చదివాను. బుధగ్రహం దగ్గరకు వెళ్లిన మారినర్-10 నౌకలో దిశ సరిచేసే వాయువు తరిగిపోతే, 1974లో నాసా ఇంజనీర్లు సౌర ఫలకాలను వాల్చి ఎండ తోపుతోనే దాన్ని అదుపులో పెట్టారు. కొత్త గ్రహాలను వెతికిన కెప్లర్ టెలిస్కోపులో, దాని దిశను నిలిపే నాలుగు చక్రాల్లో రెండు 2013 నాటికి ఆగిపోయాయి. ఎండ తోపు రెండు వైపులా సమానంగా పడేలా టెలిస్కోపును నిలిపి, మరి కొన్నేళ్లు దానితో పరిశీలనలు చేశారు. 2019లో ప్లానెటరీ సొసైటీ, వేలాది మామూలు మనుషుల విరాళాలతో 5 కిలోల లైట్‌సెయిల్-2ను పంపింది. దాని తెరచాప 32 చదరపు మీటర్లు. సూర్యుడికి దూరంగా పోతున్న సగం చుట్టులో తెరచాపను ఎండకు ఎదురుగా, సూర్యుడి వైపు వస్తున్న సగంలో అంచు మాత్రం తగిలేలా తిప్పుతూ, కక్ష్యలోని ఎత్తైన బిందువును మొదటి రోజుల్లోనే సుమారు 2 కిలోమీటర్లు పైకి లేపారు.

ఈ సంగతులు తెలిశాక నేను రెండో అవివేకంలో పడ్డాను, అదీ ఒప్పుకోవాలి. రిటైరయ్యాక ఎవరు కనిపించినా సౌర తెరచాప మనల్ని నక్షత్రాలకు చేరుస్తుందని చెప్పడం మొదలుపెట్టాను. ముందు లెక్క కట్టకుండా కాదన్నాను, తర్వాత లెక్క కట్టకుండా ఔనన్నాను. సూర్యుడి ఆకర్షణకు సమానంగా కాంతి తోయాలంటే నౌక మొత్తం బరువు, తెరచాప ప్రతి చదరపు మీటరుకూ సుమారు ఒకటిన్నర గ్రాములు మించకూడదు. ఇకరోస్‌లో అది దాదాపు 1,600 గ్రాములు. లైట్‌సెయిల్-2లో 150కి కాస్త ఎక్కువ. ఇకరోస్ వాడిన 7.5 మైక్రోమీటర్ల పొర ఒక్కదాని బరువే చదరపు మీటరుకు పది గ్రాములు దాటుతుంది, నౌకను కలపకముందే. బృహస్పతి దూరం వెళ్లేసరికి వెలుతురు 27వ వంతుకు పడిపోతుంది. 1970ల్లో హేలీ తోకచుక్కతో కలిసి ప్రయాణించడానికి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ 800 మీటర్ల భుజం ఉన్న తెరచాపను ఊహించి, లెక్కలన్నీ కట్టి, చివరకు వదులుకోవలసి వచ్చింది. ఇవేవీ తెరచాపను చిన్నబుచ్చవు. దానితో ఏ పని అవుతుందో, ఏది కాదో చెబుతాయి. పొగడ్త కూడా లెక్క లేకపోతే అబద్ధమే.

ఇప్పుడు నా అవివేకానికి అసలు రూపం నాకు కనిపిస్తోంది. కాంతి తోపు చిన్నది అన్నాను. దేనితో పోలిస్తే చిన్నది? ఈ ప్రశ్న ఒక్కసారైనా అడగకుండా చిన్నది అనే మాట వాడాను. గాజుబుడ్డిలోని గాలితో పోలిస్తే అది చిన్నది, అందుకే అక్కడ ఓడిపోతుంది. సౌర పవనంతో పోలిస్తే వేల రెట్లు పెద్దది. లైట్‌సెయిల్-2 తిరిగిన 720 కిలోమీటర్ల ఎత్తులో పలుచని గాలి రాపిడితో అది పోటాపోటీగా ఉంటుంది. అందుకే ఆ నౌక ఒక పక్క ఎక్కుతూ ఇంకో పక్క దిగుతూ, చివరకు 2022 నవంబరు 17న వాతావరణంలోకి దిగి కాలిపోయింది. గ్రహాల మధ్య ఖాళీలో ఆ తోపును ఎదిరించే ఘర్షణ లేదు కనుక, కాలం ఇచ్చినంత వేగాన్ని అది కూడబెడుతుంది. బలం ఒక్కటే, తీర్పు నాలుగు చోట్లా వేరు. పోల్చకుండా ఇచ్చిన తీర్పు భౌతికశాస్త్రం కాదు, నా అలవాటు.

ఆ అమ్మాయి చేసింది పోలికే. ఏ వైపు తోపు ఎక్కువ ఉండాలి, ఏ వైపు వెనక్కి పోతోంది అని పక్కపక్కన పెట్టి చూసింది. శాస్త్రం ఆమె దగ్గర ఉంది, నా దగ్గర సిలబస్ ఉంది. ఆమె ఎక్కడున్నా, ఆ రోజు నేను చేసినది తప్పని ఇక్కడ రాసి ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఫిజిక్స్ చెబుతున్న వారికి నేను చెప్పగలిగింది ఒకటే. పాఠానికి అడ్డం వచ్చిన ప్రశ్న కోసం పాఠాన్ని ఆపండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, పిల్లల ముందే సంఖ్యలు తీసుకుని హెచ్చవేసి చూడండి. ఫలితం ఎంత చిన్నదిగా వచ్చినా దాన్ని కొట్టేయకండి. ఆ చోట దానికి ఎదురుగా ఏ బలాలున్నాయో, ఎంత కాలం అది తోస్తూ ఉండగలదో కూడా లెక్కగట్టి, అప్పుడే చిన్నదో పెద్దదో తేల్చండి.